మా లెక్కలోది కాని గీత

ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పిన సాయంత్రమే
వియ్యమ్మగారు టార్చిలైటుతో పైకొచ్చారు.
ట్యూబులైటు వెలుగుతూనే ఉంది, టార్చి ఎందుకంటే
"గీతలు పక్కచూపుకే దొరుకుతాయమ్మా" అన్నారు.

పాత క్యాలెండరు కాగితం వెనక పద్దు రాశారు:
హాల్లో మొజాయిక్ మీద బీరువా ఈడ్చిన బాట,
వంటగట్టు కడప రాయి మీద కత్తి గాట్లు,
కిటికీ అద్దం మీద మా బుడ్డోడు
రూపాయి బిళ్లతో గీసిన రైలు,
మెట్లవైపు తలుపుకి లోపల, గొళ్లెం కింద, జానెడు గీత.
"అడ్వాన్సు ముప్పై వేలు. అందులో చూసుకుందాం."

పది రోజుల గడువు.
కోల్డు స్టోరేజీలో మిర్చి టిక్కీల లెక్క రాసి
తుమ్ముకుంటూ బ్రాడీపేట చేరి
చున్నీ నడుముకి బిగించి
గీతల ముందు కూర్చునేదాన్ని.
ఈ పేటంతా గీతలే కదా.
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు,
ఎవరో స్కేలు పెట్టి నేల మీద గీకినట్టు.
వాటికెవరూ అడ్వాన్సు కోయరు.

అద్దానికి తెల్ల పళ్లపేస్టు.
బనీను గుడ్డతో గుండ్రంగా, ఒత్తకుండా.
రైలుకి ముందు పొగ పోయింది, తర్వాత పెట్టెలు.
ఇంజను మాత్రం లోతుగా గీశాడు వెధవ,
మూడు రాత్రులు కదల్లేదు.

కడప రాయికి కొబ్బరినూనె.
తాగి, నల్లబడి, గాట్లన్నీ మింగేసింది.
తెల్లారేసరికి మళ్లీ బయటపెట్టింది,
మాట కడుపులో ఆగని మా తోటికోడలిలా.

మొజాయిక్‌కి మైనం, చిటికెడు సున్నం, మోకాళ్ల నొప్పి.

తలుపు నావల్ల కాలేదు.
వేరుశెనగ పప్పు రుద్దాను, డికాషన్ పూశాను.
ఇల్లంతా టిఫిన్ల వాసన, గీత అక్కడే.
లాలాపేట నుంచి సుభానీని పిలిపించాను.
ఉప్పుకాగితం, లక్క కడ్డీ, స్పిరిటు దీపం.
గీతని ఆయన కంటితో చూడలేదు,
బొటనవేలి గోరుతో చదివాడు.
"గోరు జారితే పైపైన. ఆగితే లోపల."
ఆగింది.

ఉలి మొనతో తట్టాడు. మైనం పెళ్ల రాలింది.
"మీరు పెట్టిందా?" కాదు.
మైనం కింద గోధుమరంగు పుట్టీ.
పుట్టీ కింద ఎర్ర సబ్బు, ఇంకా కాస్త వాసనొస్తూ.
దాని కింద నల్లగా గడ్డకట్టిన కాఫీపొడి,
నాలాగే వంటింట్లోంచి తెచ్చిందెవరో.
ఎంతమంది ఈ గొళ్లెం కింద వంగి
ఊపిరి బిగబట్టి, రేపు టార్చిలైటు పడితే ఎలాగో అనుకున్నారో!

వియ్యమ్మగారు ఎప్పుడొచ్చారో తెలీదు.
టార్చి వెయ్యలేదు.
"అది అట్లకాడ" అన్నారు.
"అప్పుడు పైపోర్షను మాదే. ఆయన బయట తాళం పెట్టి
తెనాలి పోయారు, రెండు రోజులు."

స్పిరిటు దీపం నీలంగా ఊగింది.
"రోహిణి ఎండకి చెక్క ఎండి ప్రతేడూ విచ్చుకుంటది.
నేనే బాగుచేయించాలంటే
ఎట్లా పడిందని అడుగుతారు కదా, పనోళ్లు.
అద్దెకున్నవాళ్లనైతే ఎవరూ అడగరు."

సుభానీ ఏమీ అడగలేదు.
లక్క కరిగించి బొట్టు బొట్టుగా పోశాడు,
ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాడు.
కూలీ ఇవ్వబోతే ఆవిడ నా చెయ్యి పక్కకి నెట్టి
కొంగుముడి విప్పారు.

పద్దులో మొజాయిక్‌కి ఎనిమిది వందలు కోశారు,
అద్దానికి రెండు వందలు. ఇంజను కనిపెట్టేశారు.
కడప రాయికి కూడా నూట యాభై. నేను బేరమాడాను, తగ్గలేదు.
తలుపు దగ్గర మాత్రం
రాసిందాన్ని పెన్నుతో అడ్డంగా కొట్టేశారు,
కాగితం చిరిగేంత గట్టిగా.

శ్యామలానగర్లో కొత్తిల్లు.
బీరువా ఇంకా ఆటోలోంచి దించనే లేదు,
నా బొటనవేలు ముందుగా వెళ్లి
తలుపు లోపల, గొళ్లెం కింద తడిమింది.
జారింది.
రంగు కొత్తది. ఒక ఎండాకాలం చూడాలి.